పాలు చాలడం లేదా, రొమ్ము వాచిందా?



పాడి ఉన్న ఇంట్లో గేదెకు పొదుగువాపు మొదలైతే పాలు పిండే మనిషి చేతికే ముందు తెలుస్తుంది. ఒకవైపు గట్టిగా, వెచ్చగా తగులుతుంది. మొదటి ధారలు పక్కకు పిండి, పాలలో తరకలు ఉన్నాయేమో చూస్తారు. అనుమానం వస్తే పశువుల డాక్టరు నాలుగు గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెం పట్టుకొస్తాడు. ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో పిండి, మందునీళ్లు కలిపి గుండ్రంగా తిప్పుతాడు. పాలు జిగురుగా చిక్కబడితే లోపల వాపు ఉన్నట్టు లెక్క, పొదుగు పైకి బాగానే కనిపిస్తున్నా సరే. అలాంటి పాలు ఉప్పగా ఉంటాయని పాడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బాలింతకూ ఇదే జరుగుతుంది. రొమ్ము వాస్తుంది, పాలు తగ్గుతాయి, పాల రుచి మారుతుంది, బిడ్డ బరువు పెరగడం మందగిస్తుంది. కానీ మన ఇళ్లలో ఈ నాలుగింటినీ కలిపి చూసేవాళ్లు తక్కువ. బిడ్డ ఏడిస్తే 'తల్లికి పాలు చాలట్లేదు' అంటారు. ఆ ఒక్క మాటతో తీర్పు అయిపోతుంది. సాయంత్రానికి మందుల షాపు నుంచి డబ్బాపాలు వస్తాయి. పిల్లల డాక్టరుగా ఆ మాట నా చెవిన పడినప్పుడు ముందు నేను అడిగేది ఒకటే: అమ్మాయి రొమ్ము ఎవరైనా చూశారా? ఈ రోజు నా ప్రసంగం దాని గురించే.

ముందు పైకి కనిపించే వాపు సంగతి. కాన్పయిన మూడో రోజో నాలుగో రోజో పాలు దిగినప్పుడు రెండు రొమ్ములూ బరువెక్కి, బిగుసుకుని సలుపు పెడతాయి. బిడ్డ బాగా తాగుతుంటే అది ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. డాక్టర్లు మాస్టైటిస్ అనేది దీనికి తర్వాతి మెట్టు. అది ఎక్కువగా ఒకవైపే వస్తుంది. రొమ్ములో ఒక భాగం ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా, గడ్డలాగా తగులుతుంది. మన ఒంటి ఛాయలో ఆ ఎరుపు అంత స్పష్టంగా కనిపించకపోవచ్చు, కాబట్టి చేత్తో తాకి చూడాలి. చలిజ్వరం వస్తుంది. ఒళ్లంతా విరగ్గొట్టినట్టు ఉంటుంది. ఏదో వైరల్ జ్వరమనుకుని మాత్ర వేసుకుని, బిడ్డకు అంటుకుంటుందని దూరంగా పడుకున్న తల్లుల్ని నేను చాలామందిని చూశాను. అలా దూరంగా పడుకోవడంతోనే అసలు కష్టం ముదురుతుంది.

ఇది ఎక్కువగా మొదటి ఆరు వారాల్లో, అందులోనూ రెండో వారంలో, మూడో వారంలో వస్తుంది. చనుమొన పగిలి, ఆ పగుళ్లలోంచి స్టెఫైలోకాకస్ ఆరియస్ లాంటి క్రిములు లోపలికి పోవడం ఒక కారణం. ఏ క్రిమీ లేకుండా, పాలు లోపల నిలవ ఉండిపోవడం వల్లే వాపు రావడం ఇంకో కారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లో మాస్టైటిస్ మీద వెలువరించిన పుస్తకంలో ఈ రెండూ చెప్పి, చాలాసార్లు మొదలయ్యేది పాలు నిలవ ఉండటంతోనే అని రాసింది. బిడ్డ రొమ్మును సరిగ్గా పట్టకపోవడం, వేళకు పట్టించకపోవడం, ఒకవైపే అలవాటు చేయడం, బిగుతు బట్టలు, ఇవన్నీ పాలు నిలవ ఉండటానికి దారులే.

ఇక రెండో రకం వాపు. నేను కాస్త ఎక్కువసేపు చెప్పదలుచుకున్నది దీని గురించే. దీనికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. రొమ్ము పైకి మామూలుగానే ఉంటుంది. పాలు పరీక్ష చేస్తే తప్ప బయటపడదు. ఆ పరీక్షలో చూసేది ప్రధానంగా ఉప్పు.

రొమ్ము లోపల పాలు తయారుచేసే కణాలు చిన్న చిన్న సంచుల చుట్టూ వరసగా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కాన్పయిన తొలి రోజుల్లో వాటి మధ్య సందులు తెరిచే ఉంటాయి. ముర్రుపాలలో ఉప్పు ఎక్కువగా ఉండేది అందుకే. పాలు బాగా దిగేసరికి ఆ సందులు గట్టిగా మూసుకుంటాయి. అప్పటినుంచి రక్తంలోని ఉప్పు రక్తంలోనే, పాలలోని చక్కెర పాలలోనే ఉండిపోతాయి. రక్తంలో సోడియం లీటరుకు 140 మిల్లీమోల్స్ దగ్గర ఉంటుంది. కుదురుకున్న తల్లిపాలలో అది 10కి లోపే. పొటాషియం మాత్రం పాలలో సోడియం కన్నా బాగా ఎక్కువ, దాదాపు రెట్టింపు.

వాపు వచ్చినప్పుడు ఆ కణాల మధ్య అతుకులు వదులవుతాయి. రక్తంలోని సోడియం, క్లోరైడ్ పాలలోకి జారతాయి. పాలలోని లాక్టోజ్ చక్కెర కొంత రక్తంలోకి జారి తల్లి మూత్రంలో పోతుంది. అందుకే పాలలో సోడియాన్ని పొటాషియంతో పోల్చి చూస్తారు. ఆ నిష్పత్తి 0.6 దాటితే లోపల వాపు ఉన్నట్టు చాలామంది పరిశోధకులు లెక్కిస్తారు. 1 దాటితే వాపు గట్టిగా ఉన్నట్టే. దాంతోపాటు తెల్లకణాలు, వాపును నడిపించే రకరకాల రసాయనాలు కూడా పాలలో పెరుగుతాయి.

లాక్టోజ్ గురించి ఒక మాట. తల్లిపాలలో 100 మిల్లీలీటర్లకు సుమారు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. అది తీపి కోసమే అనుకుంటాం. కానీ పాలలోకి నీటిని లాగేది ప్రధానంగా అదే. లాక్టోజ్ తయారీ తగ్గితే పాలు ఊరడమే తగ్గుతుంది. అంటే వాచిన రొమ్ములో పాలు తక్కువగా ఊరతాయి, ఊరిన పాలలో తీపి తగ్గి ఉప్పదనం పెరుగుతుంది. బిడ్డ నోరు పెట్టి, ముఖం తిప్పుకుని, ఏడుస్తుంది. తల్లి రెండో వైపుకు మారుస్తుంది. వాచిన వైపు పాలు మిగిలిపోతాయి. పాలు నిలవ ఉండిపోయిన రొమ్ములో కణాలు పాల తయారీని ఇంకా తగ్గించేస్తాయి, అతుకులు ఇంకా వదులవుతాయి. రెండు రొమ్ముల్లో దేని లెక్క దానిదే కాబట్టి ఒకవైపు పాలు పుష్కలంగా ఉన్నా, ఇంకోవైపు ఎండిపోతూ ఉండవచ్చు.

ఇక్కడ చాలామంది నానమ్మలు, అమ్మమ్మలు అడిగే ప్రశ్న ఒకటుంది. 'ఆ పాలు చెడిపోయాయి కదా, పిండి పారబోయమంటారా?' వద్దు. వాచిన రొమ్ము పాలు నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు విషం కావు. క్రిమి ఉన్న మాస్టైటిస్‌లో కూడా పాలు మానక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా రోగాల్ని అడ్డుకునే ఐజీఏ, లాక్టోఫెర్రిన్ లాంటివి ఆ పాలలో ఉంటాయి. కాకపోతే హెచ్‌ఐవీ ఉన్న తల్లి విషయంలో వెంటనే డాక్టరును అడగాలి. రిచర్డ్ సెంబా బృందం మలావీలో చేసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, పాలలో సోడియం పెరిగిన హెచ్‌ఐవీ తల్లుల పాలలో వైరస్ కూడా ఎక్కువగా కనిపించింది, బిడ్డలకు సోకడమూ ఎక్కువగా ఉంది. ఈ రోజుల్లో తల్లులు వైరస్‌ను అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారు కాబట్టి ఆ ప్రమాదం చాలా తగ్గింది. అయినా వాపు వచ్చిన రోజే చెప్పడం మంచిది.

మిగతా తల్లుల విషయంలో నన్ను బాధపెట్టేది బిడ్డ బరువు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంచెం బరువు తగ్గడం మామూలే. పది పద్నాలుగు రోజులకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. అక్కడి నుంచి మూడు నెలల దాకా రోజుకు 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. అంటే వారానికి 175 నుంచి 210 గ్రాములు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే తిండి లేదు. కాబట్టి రోజూ కొంచెం పాలు తగ్గినా ఆ లోటు నేరుగా బిడ్డ ఒంటి మీదే పడుతుంది. పెద్ద పిల్లాడికైతే ఒక పూట తక్కువైనా ఇంకో పూట సర్దవచ్చు, పాలు తాగే బిడ్డకు ఆ వీలు లేదు.

లోపలి వాపుకూ బిడ్డ ఎదుగుదలకూ ఉన్న ఈ ముడిని ఒకచోట కొలిచి చూశారు. గ్వాటెమాలా పశ్చిమ కొండల్లో మామ్ అనే మాయా తెగ జనం ఉండే ఊళ్లున్నాయి. ఐదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు సగం మంది వయసుకు తగ్గ ఎత్తు లేని దేశం అది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీన్ కాస్కీ, ఆమె సహచరులు అక్కడి బాలింతల పాలలో సోడియం, పొటాషియం కొలిచారు. బిడ్డల బరువు, పొడవు, తల చుట్టుకొలత చూశారు. జ్వరమూ నొప్పీ లేని ఈ లోపలి వాపు ఉన్న తల్లుల బిడ్డల్లో ఎదుగుదల వెనకబడటం కనిపించింది. వాపు ఉన్న పాలలో కొన్ని ఖనిజ లవణాల పాళ్లు కూడా మారాయి. అక్కడ పసిబిడ్డలకు ఆకులు కాచిన నీళ్లు పట్టే అలవాటు ఉంది. మన దగ్గర వామునీళ్లు, గ్రైప్ వాటరు, పంచదార నీళ్లు పడతాం. ఆ నాలుగు చెంచాలతో బిడ్డ పొట్ట నిండుతుంది, రొమ్ము దగ్గర ఆకలి చచ్చిపోతుంది, పాలు మిగిలిపోతాయి.

ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. వాపు, బిడ్డ బరువు తగ్గడం ఒకేచోట కనిపించినంత మాత్రాన వాపు వల్లే బరువు తగ్గిందని తేలిపోదు. బిడ్డ నీరసంగా ఉండి సరిగ్గా తాగకపోతే పాలు నిలవ ఉండి వాపు రావచ్చు. వాపు వల్ల పాలు తగ్గి బిడ్డ నీరసపడవచ్చు. రెండూ నిజమే, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. నాకు ముఖ్యమనిపించేది, ఈ చుట్టును ఎక్కడో ఒకచోట తెంపడం. అది సాధ్యమేనని బంగ్లాదేశ్ చూపించింది. సుజాన్ ఫిల్టో, ఆమె సహచరులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పాలు పట్టించడం గురించి సలహా, సాయం అందిన తల్లుల్లో ఈ లోపలి వాపు తగ్గింది. వాళ్లకిచ్చింది మందు కాదు. పక్కన కూర్చుని, బిడ్డ ఎలా పట్టుకుంటోందో చూసి, సరిచేసే ఒక మనిషిని ఇచ్చారు.

మా ఓపీకి వచ్చిన ఒక తల్లి సంగతి చెబుతాను. ఐదు వారాల బిడ్డ. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో పుట్టినప్పుడు 2.9 కిలోలు అని ఉంది. ఆ రోజు కాటాలో పెడితే 3.2 కిలోలు. పెరగాల్సిన దానిలో ఇది దాదాపు సగమే. పక్కనే అమ్మమ్మ. 'డాక్టరమ్మా, పిల్లకు పాలు పడలేదు. తెలగపిండి, మునగాకు కూర రోజూ వండి పెడుతున్నా. వెల్లుల్లి కూడా దండిగా వేస్తున్నా. లాభం లేదు. మంచి డబ్బా ఏదో రాయండి' అంది. ఆమె ప్రేమలో లోపమేమీ లేదు.

'పెద్దమ్మా, ముందు పాలు పట్టడం చూద్దాం' అన్నాను. ఆ అమ్మాయి కుడివైపు పట్టింది. బిడ్డ బాగానే తాగాడు. ఎడమవైపు పట్టమంటే కాసేపు తటపటాయించి, 'అటువైపు వీడు అందుకోడు మేడం, ఏడుస్తాడు. అందుకని కుడివైపే ఇస్తున్నా' అంది. ఎడమవైపు పట్టించాం. బిడ్డ పెదవులు చనుమొన చివర మాత్రమే పట్టుకున్నాయి, బుగ్గలు లోపలికి లాక్కుపోతున్నాయి. తల్లి కాలివేళ్లు బిగబట్టింది. నొప్పి పెడుతోందా అంటే, 'మొదట్లో అందరికీ అంతేనట కదా' అంది. చంక వైపు చేత్తో తాకితే నిమ్మకాయంత గట్టిగా తగిలింది. మొన మీద అడ్డంగా సన్నటి పగులు. జ్వరం లేదు. ఐదు వారాలుగా ఆ పగులు ఆ అమ్మాయికి తప్ప ఎవరికీ తెలియదు. అమ్మమ్మ ఆ గడ్డ తాకి చూసి, ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, 'ఇంతుంటే చెప్పవేమే?' అంది. ఆ అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

డబ్బా రాయలేదు. బిడ్డను తల్లి వైపు పూర్తిగా తిప్పి, పొట్టకు పొట్ట ఆనించి, బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పట్టించాం. పై పెదవికి చనుమొన తగిలిస్తే బిడ్డ ఆవులించినట్టు నోరు పెద్దగా తెరుస్తాడు. ఆ క్షణంలో బిడ్డను దగ్గరకు లాక్కోవాలి. రొమ్మును బిడ్డ నోట్లో కుక్కకూడదు. చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం, ముఖ్యంగా కింది వైపు, నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి విచ్చుకోవాలి, గుటక వేస్తున్న చప్పుడు వినపడాలి. మూడోసారికి కుదిరింది. తల్లి భుజాలు దిగాయి. వారం తర్వాత కాటా మీద 210 గ్రాములు పెరిగాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో పాలు పడలేదన్న మాట రాలేదని అమ్మమ్మే చెప్పింది.

ప్రతి బిడ్డా ఇలాగే వారంలో కోలుకుంటుందని చెప్పను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, అంగిలి చీలిన బిడ్డకు, తీవ్రంగా నీరసించిన బిడ్డకు కొన్నాళ్లు పిండిన పాలో, డాక్టరు సలహా మీద అదనపు పాలో అవసరమవుతాయి. అప్పుడు ఇవ్వాలి. తల్లిపాలే ఇవ్వాలన్న పంతానికి బిడ్డను ఎండబెట్టకూడదు. రోజుకు ఆరుసార్ల కన్నా తక్కువ మూత్రం పోస్తున్నా, లేపినా లేవకుండా మగతగా ఉన్నా, రెండు వారాలకు కూడా పుట్టినప్పటి బరువుకు రాకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ఇక వాచిన రొమ్ముకు ఏం చేయాలన్నది. ఈ విషయంలో వైద్యుల సలహా ఈ మధ్య మారింది. వేడినీళ్ల కాపడం పెట్టి, గడ్డను గట్టిగా పిసికి, రొమ్మును పూర్తిగా ఖాళీ చేయమని మేమే చెప్పేవాళ్లం. మన ఇళ్లలో నూనె రాసి రుద్దడం ఎప్పటి నుంచో ఉంది. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు గట్టి మర్దన వద్దంటున్నాయి. అది లోపలి సన్న రక్తనాళాల్ని నలిపి, వాపును ఇంకా పెంచుతుంది. పంపుతో అదేపనిగా పిండినా శరీరం ఇంకా పాలు కావాలనుకుని ఊరిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. కాబట్టి బిడ్డ ఆకలికి తగ్గట్టు మామూలుగా పట్టించండి. పట్టించిన తర్వాత, గుడ్డలో చుట్టిన ఐస్ ముక్కలతోనో, చల్లని తడిగుడ్డతోనో పది పదిహేను నిమిషాలు పెట్టండి. పట్టించే ముందు కొంచెం గోరువెచ్చని గుడ్డ హాయిగా అనిపిస్తే పెట్టుకోవచ్చు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ పాలిచ్చే తల్లులు వాడదగ్గ మందులే, అల్సరు, కిడ్నీ జబ్బు లాంటివి ఉంటే మాత్రం డాక్టరును అడిగి వాడాలి. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగనివ్వండి. బాలింతకు నీళ్లిస్తే వాతం చేస్తుందని లెక్కపెట్టి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దయచేసి ఆ పథ్యం మానండి.

ఇరవై నాలుగు గంటల్లో తగ్గుముఖం పట్టకపోతే, లేదా మొదటి నుంచే 101 డిగ్రీలు దాటిన జ్వరం, చలి ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అవసరమైతే పాలిస్తూ వాడగలిగే యాంటీబయాటిక్స్ ఉన్నాయి. మొదలుపెడితే డాక్టరు చెప్పినన్ని రోజులూ పూర్తి చేయాలి, జ్వరం తగ్గగానే ఆపకూడదు. గడ్డ మెత్తబడి లోపల చీము కదులుతున్నట్టు ఉంటే అది చీముగడ్డ. ఇప్పుడు చాలాచోట్ల అల్ట్రాసౌండులో చూస్తూ సూదితో చీము తీసేస్తున్నారు, పెద్ద కోత అక్కర్లేదు. అప్పుడు కూడా రెండోవైపు పాలు ఆపక్కర్లేదు, చాలాసార్లు అదేవైపు కూడా ఇవ్వవచ్చు. ఒకేచోట మళ్లీ మళ్లీ వస్తున్నా, మందులు వాడినా గడ్డ కరగకపోయినా లోపల ఇంకేదైనా ఉందేమో చూడాలి. మన దేశంలో రొమ్ముకు క్షయ కూడా వస్తుంది. అరుదుగా క్యాన్సరు కూడా ఇలాగే మొదలవుతుంది.

చాలామంది పెద్దవాళ్లు చేసే ఇంకో పని గురించి చెప్పాలి. రొమ్ము సలుపు పెడుతుంటే మల్లెపూలు కట్టడం. పాలు ఆపాలనుకున్నప్పుడు మల్లెపూలు కట్టడం దక్షిణాదిన పాత అలవాటు. వెల్లూరు వైద్యులు దాన్ని పరీక్షించి, పాలు తగ్గించడానికి అది పనికొస్తుందని 1988లో ప్రచురించారు కూడా. బిడ్డను కోల్పోయిన తల్లికి అది ఉపశమనమే. కానీ బిడ్డకు పాలివ్వాల్సిన తల్లికి, వాపు వచ్చిందని మల్లెలు కట్టి రొమ్ము మాన్పిస్తే, నిలవ ఉన్న పాలతో వాపు ముదిరి చీము పట్టే దారి తెరుచుకుంటుంది. దిష్టి తగిలిందని ఉప్పు తిప్పేయండి, దానితో ఎవరికీ నష్టం లేదు. బిడ్డను మాత్రం రొమ్ము నుంచి తప్పించకండి.

మన రెండు రాష్ట్రాల్లో ఈ సమస్యను పెంచేది ఇంకొకటి ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. కుట్ల నొప్పితో లేచి కూర్చోలేని తల్లి దగ్గరికి బిడ్డను ఆలస్యంగా తెస్తారు. ఈలోపు బిడ్డకు సీసా అలవాటవుతుంది. మూడో రోజు పాలు దిగేసరికి రొమ్ములు రాయిలా బిగుసుకుంటాయి, సీసాకు అలవాటు పడ్డ నోరు బిగిసిన రొమ్మును పట్టలేదు. ఆపరేషను అయినా తల్లి పక్కకు తిరిగి పడుకునే పాలు పట్టవచ్చు. బిడ్డను తల్లి పక్కన పెట్టే మనిషి కావాలి, అంతే. ఆ మనిషి నర్సు కావచ్చు, అత్తగారు కావచ్చు, భర్త కావచ్చు. భర్తలు ఈ పని చక్కగా చేయగలరు, చేసినవాళ్లను చూశాను.

ఇంటికి వెళ్లాక ఆశా కార్యకర్త ఉంది. ఆసుపత్రి కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆమె ఇంటికి రావాలి. ఆ తేదీలు చూడండి, వాపు ఎక్కువగా వచ్చే రెండో వారం, మూడో వారం అందులోనే ఉన్నాయి. ఆమె దగ్గర కాటా ఉంటుంది. రొమ్ము సమస్యలు ఆమె శిక్షణలో భాగమే. కానీ వరండాలో, మామగారి ఎదుట, 'అంతా బాగేనా?' అని అడిగితే ఏ అమ్మాయైనా 'బాగే' అంటుంది. ఆశా చెల్లెళ్లకు నా విన్నపం: తల్లిని లోపలి గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, రెండువైపులా పాలు పట్టమని చెప్పి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు ఆ ఐదు నిమిషాలు బయట ఉండండి.

చివరిగా కూలికి వెళ్లే తల్లుల గురించి. ఆఫీసు ఉద్యోగినికి 2017 నుంచి 26 వారాల జీతంతో సెలవు ఉంది. పత్తి ఏరే తల్లికి, మిరప కోసే తల్లికి అది లేదు. నెలన్నరకో రెండు నెలలకో పొలానికి వెళ్తుంది. పొద్దున ఏడింటికి పట్టిన రొమ్ము మళ్లీ సాయంత్రం ఐదింటికి. పది గంటలు పాలు నిలవ ఉంటాయి. జాకెట్టు తడిసి, చంకల్లోకి సలుపు పాకుతుంది. రోజూ ఇలాగే జరిగితే పైకి కనిపించని వాపుకు అంతకన్నా అనువైన చోటు ఉండదు. ఉపాధి హామీ పనిచోట చిన్నపిల్లలు ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి. అడిగి పెట్టించుకోండి. ప్రైవేటు కూలి అయితే ముఠా మేస్త్రీతో ముందే మాట్లాడుకుని, మధ్యాహ్నం అన్నం వేళకు బిడ్డను పొలం గట్టుకు తెప్పించుకోండి. అదీ కుదరకపోతే మూడు గంటలకోసారి, చెట్టు చాటుకు వెళ్లి, సబ్బుతో కడుక్కున్న చేతులతో రొమ్ము వదులయ్యే దాకా పాలు పిండెయ్యండి. బొటనవేలు, చూపుడువేలు నల్లటి భాగానికి కొంచెం వెనగ్గా పెట్టి, వెనక్కి ఛాతీ వైపు నొక్కి, దగ్గరకు తెచ్చి, వదలాలి. లాగకూడదు, రుద్దకూడదు. ఇంటి దగ్గర, ఉదయం పనికి వెళ్లే ముందు మరిగించిన స్టీలు గిన్నెలో పిండి మూతపెట్టి ఉంచిన పాలు చల్లని చోట నాలుగు గంటల దాకా ఉంటాయి. ఎండాకాలం అంతకన్నా తొందరగా తాగించెయ్యాలి. వాటిని సీసాతో కాకుండా చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టమని ఇంట్లో పెద్దమ్మకు చెప్పి వెళ్లండి. సాయంత్రం ఇంటికి రాగానే, కాళ్లు కడుక్కుని, వంట సంగతి తర్వాత చూసుకుని, ముందు బిడ్డను తీసుకుని బరువెక్కిన వైపు పట్టండి.